హాతీరాం పుట్టిన సంవత్సరం

కంప్యూటర్ గది గుమ్మం బయట, చెప్పులు విడిచే చోట, హాతీరాం పావుగంట నుంచి నిలబడి ఉన్నాడు. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడేమో, పాదాల మీద బొగ్గునీళ్లు ఆరి చారలు కట్టాయి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అనరని అతనికీ తెలుసు. దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని తలుపు మీద బోర్డు పెట్టారు. ఊరు ఊరంతా బొగ్గు పీల్చి బతుకుతుంటే ఆ ఒక్క గదికి మాత్రం బొగ్గు పడదు.

ఆపరేటర్ బాలి కీబోర్డు మీంచి చేతులు తీసి గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"ఏంది కాకా, మళ్లొచ్చినవు? పోయిన మంగళవారమే కదా దిద్ది ఇచ్చిన."

"దిద్దినవు బిడ్డా. కాయితం గూడ ఇచ్చినవు."

హాతీరాం చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. చేతులు తుడుచుకునే చోటు లేక, మోచేత్తో కవరును పొట్టకు అదిమిపట్టి, రెండు వేళ్ల కొసలతో కాగితాలు బయటికి లాగాడు. మూడు స్లిప్పులు. ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, ఈ జూన్‌లో ఒకటి. మూడింటి మీదా అచ్చయింది ఒకటే: నంబరు 40716, హాతీరాం, పుట్టిన తేదీ 1-7-1940, సవరించడమైనది.

"మరింకేంది?"

"గని ఆఫీసుల గోడకు లిస్టు అంటిచ్చిన్రు. ఈ ముప్పైకి దిగిపోయెటోళ్ల లిస్టు. అండ్ల నా పేరున్నది. ముప్పై నాలుగుల పుట్టిన్నంట."

పనిలో చేరిన రోజు గని డాక్టరు అతని మీసాలు చూసి వేసిన సంవత్సరం అది. తండాలో పుట్టినవాడికి కాగితం ఎక్కడిది? మొన్న జనవరిలో వయసు కమిటీ కూర్చుని, పళ్లు చూసి, ఎక్స్‌రే తీయించి, నలభైలో పుట్టాడని తేల్చింది. ముప్పై నాలుగైతే ఈ గురువారానికి అరవై నిండి ఇంటికి. నలభై అయితే ఇంకా ఆరేళ్ల పని.

"నేను ముసలోణ్ని గాదు బిడ్డా" అన్నాడు హాతీరాం. గొంతు పెంచలేదు. "ఇయ్యాల గూడ నా బొగ్గు టబ్బులు నేనే నింపిన. ఆరేండ్లు ఏడ వోయినయి? ఎవరి ఇంట్ల వోయినయి?"

బాలి లోపలికి వచ్చి అతని నంబరు కొట్టింది. తెర మీద పేరు, తండ్రి పేరు, గని, తేదీలు వరసగా వచ్చాయి. పుట్టిన తేదీ 1-7-1934. పోయిన మంగళవారం ఈ వేళ్లతోనే దిద్దింది. యంత్రం స్లిప్పు అచ్చువేస్తుంటే చింపి ఆ మనిషి చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు కూడా. అదంతా ఏ గంగలో కలిసిందో అర్థం కాక ఆమెకు ఒళ్లు మండింది.

సెక్షన్ ఇన్‌చార్జి సారంగపాణి తన బల్ల దగ్గర్నుంచే విన్నాడు. ఈ కంప్యూటర్‌ను కొట్లాడి తెప్పించింది ఆయనే. రోజూ పొద్దున కీబోర్డును తన జేబురుమాలుతో తుడుస్తాడు, దసరాకు తెర మీద బొట్టు పెడతాడు. స్లిప్పులు మూడూ తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మెషిన్ తప్పు చెప్పదు బాలీ. నువ్వే ఏదో కొట్టకుండ ఇడిసిపెట్టి ఉంటవు."

"మూడుసార్లా సార్? మొదటి రెండు నేను కొట్టనే లేదు, అప్పుడు నేను రాలేదు గూడ."

ఆయన లేచాడు. స్లిప్పులు పట్టుకుని పైన పర్సనెల్ మేనేజర్ గదికి వెళ్లాడు. అరగంటకు దిగొచ్చాడు. మొహం చిన్నబోయింది.

"స్లిప్పులు దొంగవి అంటున్నడు. లిస్టే ఖరారు అంటున్నడు. ఇవి ఇక్కడి ప్రింటర్ల అచ్చయినయి కాబట్టి ఎవరు చేసిచ్చిన్రో ఎల్లుండి పదకొండింటికి ఎంక్వయిరీ అంట." కుర్చీలో కూర్చుంటూ, "మీవాడేనా అని గూడ అడిగిండు" అన్నాడు.

"ఎవరు?"

"ఆ హాతీరాం."

బాలికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "మాది బోనకల్ దిక్కు సార్. ఆయనది ఇల్లెందు దిక్కు. లంబాడోళ్లందరు ఒక్క పొయ్యికాడ తింటరనుకుంటున్నడా ఆయన?"

సారంగపాణి కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

*

మంగళవారం ఆమె పని మానేసి ఆ ఒక్క నంబరుతోనే కూర్చుంది. సవరణ తెర తెరిచి, 40716 కొట్టి, పాత సంవత్సరం చెరిపి 1940 కొట్టింది. ప్రింటర్ కిర్రు కిర్రుమంటూ స్లిప్పు కక్కింది. 1940. వెంటనే లిస్టు తీసింది. 1934. మళ్లీ దిద్దింది. మళ్లీ అంతే. చివరికి పేరులో ఒక అక్షరం మార్చి చూసింది. మారింది, లిస్టులోనూ మారింది. గని నంబరు మార్చి చూసింది. అదీ మారింది. రెంటినీ తిరిగి సరిచేసింది. పుట్టిన తేదీ ఒక్కటే రాయిలా కదలనంటోంది.

మధ్యాహ్నం అటెండర్ గురవమ్మ టిఫిన్ డబ్బా కింద పరుచుకోవడానికి బీరువాలోంచి ఎప్పట్లాగే చారల కాగితాలు రెండు లాగింది. ప్రోగ్రాం రాసిన హైదరాబాద్ వాళ్లు పోతూ పోతూ దాని అచ్చు ఒక కట్టగా వదిలిపోయారు. ఏడాదిన్నరగా ఆ కట్ట పచ్చడి నూనె పీల్చడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

"గురవక్కా, ఆ కట్ట ఇటియ్యి."

"నూనెయినయి బిడ్డా కొన్ని."

"కానియ్యి."

బాలి అన్నం పక్కన పెట్టి నేల మీద కట్ట విప్పింది. మడతలు మడతలుగా కాగితం గుమ్మం దాకా పరుచుకుంది. ఖమ్మంలో కంప్యూటర్ కోర్సులో నేర్చుకున్న 'సీ' ప్రోగ్రాం భాష ఇది. అక్కడ ఒక కంప్యూటర్‌కు ఆరుగురు. సగం ప్రోగ్రాములు నోటుబుక్కులోనే రాసి, నోటుబుక్కులోనే నడిపి చూసుకునేవాళ్లు. అందుకే ఆమెకు కాగితం మీద ప్రోగ్రాం చదవడం అలవాటు. ఒక్కో వరస మీద వేలు పెట్టి, ఆ వరస ఏం చేస్తుందో పెదాలతో అనుకుంటూ పోయింది.

కార్మికుడి వివరాలన్నీ ఒక పెట్టె. ఆ పెట్టెలో తేదీలకు ఇంకో చిన్న పెట్టె. అందులో పుట్టిన తేదీకి మరీ చిన్నది. దాని అడుగున సంవత్సరం. పెట్టెలో పెట్టె పెట్టి చక్కగానే కట్టారు. సవరణ మొదలయ్యే చోట ఆ మనిషి పెట్టె ఎక్కడుందో చెప్పే p అనే పాయింటర్, అంటే దాని చిరునామా, చేతికందుతుంది. అదీ బాగానే ఉంది. ఆ తర్వాతి రెండు వరసల దగ్గర ఆమె వేలు ఆగింది.

struct worker t = *p;
t.dates.birth.year = yy;

చేతిలో చిరునామా ఉంది. ఆ ఇంటికి వెళ్లి లోపలి పెట్టె తెరిచి దిద్దితే అయిపోయేది. ఆ హైదరాబాద్ మహానుభావుడు ఆ పని చేయలేదు. పెట్టె మొత్తానికి t అని ఒక నకలు తీశాడు. నకలులో సంవత్సరం దిద్దాడు. నకలు చూసి స్లిప్పు అచ్చువేశాడు. సవరణ ముగియగానే నకలు మాయమైపోతుంది. అసలు పెట్టె ఎక్కడిదక్కడే, ఎవరూ ముట్టకుండా ఉంటుంది. పేరు మార్చే చోటా గని మార్చే చోటా పాయింటర్ పట్టుకుని సరిగ్గానే లోపలికి వెళ్లారు. ఈ తేదీ తెర తర్వాత ఎప్పుడో ఆదరాబాదరాగా అతికించినట్టుంది.

ఖమ్మంలో ఆమె కూడా ఒకసారి ఇదే తప్పు చేసింది. అప్పుడు పోయింది రెండు మార్కులు. ఇక్కడ ఒక మనిషి ఆరేళ్ల బతుకు పోతోంది.

"ఏమైంది బిడ్డా, గట్ల నవ్వుతున్నవు?" అంది గురవమ్మ.

"నవ్వుత లేను అక్కా. ఏడుపొస్తున్నది."

ఆమె లేచి సారంగపాణి బల్ల మీద ఆ కాగితం పరిచింది. ఆయన చాలాసేపు చూశాడు. వేలు ఆ వరసల మీద కాకుండా పక్కనున్న నూనె మరక మీద తిరుగుతోంది.

"అర్థమయ్యెటట్టు చెప్పు."

"ఇంటి తలుపుకు రంగేయమన్నరనుకోండ్రి సార్. వీడు ఇంటి ఫొటో తీసిండు. ఫొటోల తలుపుకు రంగేసిండు. ఫొటో చూపిచ్చి రంగేసిన అన్నడు. స్లిప్పు అంటే ఆ ఫొటో. లిస్టు అంటే ఇల్లు."

"హైదరాబాద్ వాళ్లు రాసిన్రు. పెద్ద పెద్దోళ్లు చూసి పాస్ చేసిన్రు."

"వాళ్లు పేర్లు మార్చి చూసి పాస్ చేసిన్రు. ఎవరి వయసు మార్చి చూసిన్రు?"

"తల్లీ, నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నవు" అన్నాడు సారంగపాణి, బెదిరింపుగా కాదు, బతిమాలినట్టు. "ఎంక్వయిరీల తప్పు నాది, మరిచిపోయి కొట్టలే అని ఒక మాట అను. మందలిచ్చి ఇడిసిపెడ్తరు. ఆ ముసలాయనది మెల్లగ చూద్దాం."

"మెల్లగనా? గురువారం దిగిపోతడు సార్ ఆయన. చేసిన తప్పు అయితే ఒప్పుకుంట. చేయని తప్పు నా నోట రాదు."

*

బుధవారం పదకొండింటికి ఎంక్వయిరీ పైన మేనేజర్ గదిలో అన్నారు. బాలి పైకి వెళ్లి, కూర్చోమనకపోయినా కూర్చుని, చెప్పాల్సింది చెప్పింది. మేనేజర్ గుంటూరు దిక్కువాడు, మాట మెత్తన. కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"చూడమ్మాయ్, వందల మంది మనుషుల రికార్డు ఆ మిషన్‌లో ఉంది. నువ్వొచ్చి రెండు నెలలు కాలేదు. అది తప్పంటావు, స్లిప్పు నిజమంటావు. నమ్మమంటావా?"

"నమ్మొద్దు సార్. కిందికి వచ్చి చూడండ్రి."

ఆయన వచ్చాడు. బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి అడుగుపెట్టాడు. వెనక ఇద్దరు గుమాస్తాలు, సారంగపాణి. హాతీరాంను కూడా పిలిపించారు. అతను గుమ్మం అవతలే ఉన్నాడు. బాలి లోపలికి రమ్మన్నా అతని కాళ్లు కదల్లేదు.

"మీ నంబరు చెప్పండ్రి సార్" అంది బాలి.

"నాదెందుకు?"

"ఆఫీసర్లు గూడ ఈ ఫైలులనే ఉన్నరు. మీ పుట్టిన తేదీ దిద్దుదాం."

సారంగపాణి దగ్గాడు. మేనేజర్ నవ్వాడు, నంబరు చెప్పాడు. తెర మీద ఆయన పుట్టిన సంవత్సరం 1946 అని వచ్చింది. బాలి దాన్ని చెరిపి తేదీ 1-7-1934 అని కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇగ ఎంటర్ మీరు కొట్టుండ్రి. నేను కొడితే దొంగ స్లిప్పు అంటరు. మీరన్నట్టు మెషిన్ మంచిదే అయితే మీ తేదీ మారిపోతది, రేపు మీరే దిగిపోతరు. నేనన్నట్టు ప్రోగ్రాం తప్పయితే మీకేం గాదు."

మేనేజర్ చేయి కీబోర్డు దాకా వచ్చి ఆగింది. మిషన్ తప్పు చేయదని మూడు రోజులుగా చెబుతున్న మనిషి, ఆ మిషన్‌ను తన వయసు దగ్గరికి రానివ్వడానికి జంకాడు. అది గుమాస్తాలిద్దరూ చూశారు. గుమ్మం అవతల్నుంచి హాతీరాం కూడా చూశాడు. ఇక వెనక్కి తీసుకోలేక ఆయన వేలు మీటను గట్టిగా పొడిచింది.

ప్రింటర్ కదిలింది. బాలి స్లిప్పు చింపి ఆయనకిచ్చింది. మేనేజర్ గారు పుట్టింది 1934లో. సవరించడమైనది. రిటైర్‌మెంటు 30-6-1994.

తర్వాత ఆమె లిస్టు తీసింది. మేనేజర్ గారు పుట్టింది 1946లో. ఆయన ఎక్కడికీ పోవడం లేదు.

"ఇప్పుడు మీ చేతిల ఉన్నది దొంగ స్లిప్పా సార్? ఎంటర్ మీరే కొట్టిన్రు."

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. అలా చూసేటప్పుడు మొహంలో ఉన్నది కోపం కాదు, పట్టుబడిన మనిషి లెక్కలు వేసుకోవడం. "హైదరాబాద్ వాళ్లకు రాద్దాం. వాళ్లొచ్చి చూస్తారు. రెండు వారాలు పట్టొచ్చు."

"రేపటికి ఆయన దిగిపోతడు. రిపేరు మూడు వరసలు. సాయంత్రానికి నేను చేస్త."

"కాంట్రాక్టు ఆపరేటర్ ప్రోగ్రాం ముట్టుకోవడమా?"

అప్పుడు సారంగపాణి నోరు విప్పాడు. "నా ఎదురుంగ చేస్తది సార్. పాతది ఫ్లాపీల ఎక్కిచ్చి దాస్తం. తేడా వస్తే దాన్నే మళ్ల పెడ్తం."

మేనేజర్ బూట్ల దగ్గరికి నడిచాడు. లేసులు కట్టుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "సరే. ఆ ఒక్క హాతీరాం వరకు చూడండి."

*

సారంగపాణి బీరువా తాళం తీసి ఫ్లాపీలిచ్చి, కుర్చీ ఆమె పక్కకు లాక్కున్నాడు. బాలి నీలం తెర మీద ఆ చోటు వెతికి పట్టుకుంది. నకలు తీసే వరస మొత్తం చెరిపేసింది. దాని కింద రాసింది:

p->dates.birth.year = yy;

"ఆ బాణం గుర్తేంది?" అన్నాడు సారంగపాణి. ఇన్నాళ్లలో ఆయన ఈ యంత్రం గురించి ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

"అది ఆ చిరునామాకు పోయేది సార్. అసలు మనిషి పెట్టెకాడికి. అక్కడికి చేరినంక లోపల పెట్టెలు కళ్ల ముందే ఉంటయి, ఒక్కోదానికి చుక్క పెట్టుకుంట లోపలికి పోవాలె. తేదీలు, పుట్టినది, సంవత్సరం. ఇగ రాసింది అసలు మీదనే పడ్తది."

రోజు, నెలలకూ అలాగే రాసింది. స్లిప్పు కూడా అసలు పెట్టె చూసే అచ్చయ్యేలా మార్చింది. మొదటిసారి నడపబోతే తప్పు చూపించింది. చివర చుక్క-కామా ఒకటి మరిచింది. పెట్టింది. ఈసారి నడిచింది. 40716 కొట్టి, 1940 కొట్టి, లిస్టు తీసింది. దిగిపోయేవాళ్లలో హాతీరాం పేరు లేదు. పనిలో ఉన్నవాళ్లలో ఉంది, 1940తో.

సారంగపాణి ఊపిరి వదిలి కుర్చీలోంచి లేవబోయాడు. బాలి లేవలేదు. ప్రింటర్ పక్కనున్న ఇనుప ఊచకు గుచ్చిన స్లిప్పుల కార్బన్ నకళ్లను ఊచలోంచి ఒక్కొక్కటే పైకి లాగుతోంది. జనవరి నుంచి ఇప్పటిదాకా వయసు దిద్దిన స్లిప్పులు. హాతీరాంవి, మేనేజర్‌ది తీసేస్తే పది మంది.

"బాలీ, ఆయన ఒక్కడి వరకే అన్నడు."

"విన్న సార్."

"అండ్ల ఇద్దరు దిగిపోయిన్రు గూడ. సారయ్య ఫిబ్రవరిల పోయిండు, భీమ్లా ఏప్రిల్‌ల పోయిండు."

"పోలేదు సార్. పంపిచ్చిన్రు." ఆమె మొదటి స్లిప్పు తెర కింద ఆనించి నంబరు కొట్టడం మొదలుపెట్టింది. ఆ ఇద్దరు ఆమెకు తెలిసినవాళ్లు కారు, మొహాలైనా చూడలేదు. అయినా స్లిప్పును కళ్లకద్దుకుని, దాన్ని నమ్మి, నెలాఖరున గని నుంచి తలవంచుకుని ఇంటికి నడిచిన మనుషులను తలుచుకుంటే ఆమె చేయి ఆగలేదు. సారంగపాణి ఆపలేదు. కాసేపటికి స్లిప్పులు అందుకుని నంబర్లు పైకి చదవసాగాడు.

*

గురువారం మధ్యాహ్నం జూలై నెల పనివాళ్ల లిస్టు సంతకానికి పైకి వెళ్లింది. పుట్టిన తేదీని బట్టి ఎవరు పనిలో ఉండాలో ప్రోగ్రామే తేలుస్తుంది కాబట్టి పదకొండు మందీ పనిలో ఉన్నవాళ్ల వరసలోకి వచ్చేశారు. పది నిమిషాల్లో బాలికీ సారంగపాణికీ పిలుపొచ్చింది.

మేనేజర్ పేజీ మీద రెండు చోట్ల ఎర్ర పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టి ఉంచాడు. "నాలుగు నెలల కిందట రిటైరైన మనిషి లిస్టులోకి ఎట్లా వచ్చాడు? నేను ఒక్కరని చెప్పాను."

"ప్రోగ్రాం ఒక్కరి కోసం మారదు సార్" అంది బాలి. "పదకొండు మంది వయసు కమిటీ తేల్చింది. పదకొండు స్లిప్పులు మన దగ్గర్నే అచ్చయినయి."

"ఈ ఇద్దరినీ తీసెయ్యి."

"తీస్త. వీళ్ల వయసు కమిటీ తేల్చింది తప్పని మీరు రాసి సంతకం పెట్టి ఇయ్యండ్రి. ఆ కాయితం చూసి తీస్త."

మేనేజర్ పెన్సిల్ బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు ఆమెతో కాదు, సారంగపాణితో మాట్లాడాడు, అదే మెత్తటి గొంతుతో. "ఈ అమ్మాయిని రేపట్నుంచి రావద్దని చెప్పండి. ఆ రెండు పేర్లూ మీరు తీసి తీసుకురండి."

బాలి తల దించలేదు. దించితే ఆ ఇద్దరూ మళ్లీ నకలులోకే పోతారని ఆమెకు తెలుసు. సారంగపాణి వైపు చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసున్న మనిషి, ఏం చేస్తాడో ఆమె ఊహించుకోగలదు.

సారంగపాణి కళ్లజోడు తీశాడు. తుడవలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"నాకు రాదు సార్."

"ఏం రాదు?"

"ఆ ప్రోగ్రాం. ఈ రెండేండ్లుగ నాకు అంతా వచ్చని మీకు చెప్పుకుంట వచ్చిన. రాదు. సెక్షన్‌ల అది తెలిసింది ఈమె ఒక్కదానికే. ఈమె పోతే రేపు జీతాల లిస్టు గూడ రాదు." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పేర్లు తీయమని నాకూ రాసే ఇయ్యండ్రి సార్. నోటి మాట మీద ఇగ నేను ఏదీ తీయ."

మూడు గంటలకు గని జీపు లిస్టు కోసం కింద హారన్ కొట్టింది. మేనేజర్ ఏమీ రాసివ్వలేదు. రాస్తే ఆ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో, దాంతోపాటు తన పేరున అచ్చయిన స్లిప్పు ఎక్కడెక్కడికి పోతుందో ఆయనకు తెలియంది కాదు. జీపు రెండోసారి హారన్ కొట్టాక పెన్ను తీసి ఎనిమిది పేజీల మీద సంతకం చేసి, లిస్టును బల్ల అంచు దాకా తోశాడు.

మెట్లు దిగుతుంటే బాలి ఏదో అనబోయింది. "ఆ బాణం సంగతి రేపు ఇంకోసారి చెప్పాలె నాకు. మొదట్నుంచి" అన్నాడు సారంగపాణి, ఆమెను అననివ్వకుండా.

*

శుక్రవారం పొద్దున ఆరుకు ముందే ఆమె గనికి వెళ్లింది. ఆఫీసులో పని తొమ్మిదికి. ఇక్కడ ఆమెకు పనేమీ లేదు, ఊరికే వెళ్లింది. రాత్రి పడ్డ వానకు గని దారంతా నల్లటి బురద. ల్యాంపు గది కిటికీ ముందు మొదటి షిఫ్టు వాళ్లు వరసలో ఉన్నారు. హాతీరాం అప్పటికే దీపం తీసుకుని, టోపీకి తగిలించుకుంటూ పక్కనున్నవాడితో ఏదో పరాచికమాడుతున్నాడు.

వరస చివర ఒక పొట్టి మనిషి ఉన్నాడు. నిక్కరు, చొక్కా కొత్తగా ఉతికినట్టున్నాయి. మిగతావాళ్ల బట్టల మీదున్న నలుపు వాటి మీద లేదు. కిటికీ దగ్గరికి వచ్చి నంబరు చెప్పాడు.

ల్యాంపు గుమాస్తా తలెత్తాడు. "సారయ్యా, నువ్వు దిగిపోయినవు గదనే. దండ గూడ ఏసిన్రు."

"నిన్నొచ్చిన లిస్టు చూసి హాతీరాం చెప్పి పంపిండు. లిస్టు చూడు."

"చూసుడేంది, ఫిబ్రవరిలనే..."

"చూడమంటున్న గద."

గుమాస్తా విసుక్కుంటూ పేజీలు తిప్పాడు. నాలుగో పేజీలో, ఎర్ర పెన్సిల్ గుండ్రం దగ్గర వేలు ఆగింది. కింద సంతకం చూశాడు. మళ్లీ పేరు చూశాడు. లేచి వెళ్లి, రాక్ మీంచి దీపం తీసి, వెలుగుతుందో లేదో ఒకసారి వేసి చూసి, కిటికీలోంచి బయటికి పెట్టాడు.

సారయ్య బ్యాటరీని నడుముకు కట్టుకుని బెల్టు రంధ్రం వెతికాడు. నాలుగు నెలల్లో నడుము సన్నబడిందేమో, లోపలి రంధ్రానికి లాగి బిగించాడు. వరస పక్కనే నిలబడ్డ బాలిని దాటి వెళ్తూ, దారికి అడ్డంగా ఉన్న ఈ పిల్ల ఎవరో అన్నట్టు చూశాడు.

"జర జరుగమ్మా, షిఫ్టుకు టైమయింది" అన్నాడు.

బాలి పక్కకు జరిగింది. ఆయన గని లోపలికి దిగిపోయాడు.